తలపట్టీ గట్టిగా ఉంటేనే మైటర్: మూడు రెడీమేడ్ రకాల సమీక్ష

బిషప్ గారి తలమీద రెండు కొనలతో నిలబడే టోపీని చూసినవాళ్ళు చాలామంది కిరీటం అనేస్తారు. కుట్టి అమ్మేవాళ్ళ కేటలాగులో దాని పేరు మైటర్. ఇంటర్నెట్‌లో ఒట్టి మైటర్ అని కొడితే వడ్రంగి రంపాలు వచ్చి పడతాయి, వాటి వెనక పూజావస్త్రాల కోసం వెతుక్కోవాలి. ‘బిషప్ మైటర్’ అని రెండు మాటలూ కలిపి కొట్టడం మేలు.

రెడీమేడ్‌గా దొరికేవి ప్రధానంగా మూడు రకాలు: సాదా తెల్లది, బంగారు పట్టీలది, రాళ్ళు పొదిగినది. కొత్త మేత్రాణుల (బిషప్ గారి) అభిషేకానికి కానుక ఇవ్వాలనుకునే విచారణవాళ్ళకూ (స్థానిక చర్చి సంఘానికీ), పూజావస్త్రాల గది చూసుకునేవాళ్ళకూ పనికొచ్చేలా ఈ మూడింటి మంచిచెడ్డలు ఇక్కడ ఉన్నాయి. తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్ళకు సుఖం. బంగారు పట్టీలది నిశ్చింతగా కొనొచ్చు. సాదాది లోపలి బక్రం, అంటే గంజి పెట్టి బిగించిన గట్టి గుడ్డ, చూసుకుని కొనాలి. రాళ్ళది మాత్రం రెడీమేడ్‌గా వద్దు, కావాలంటే ఆర్డరిచ్చి కుట్టించుకోండి.

కారణాలు తెలియాలంటే ముందు దాని కట్టుబడి తెలియాలి. మైటర్ అంటే ఐదు మూలల పలకలు రెండు, ముందొకటి, వెనకొకటి. లోపల బక్రమో అట్టో ప్లాస్టిక్ షీటో పెట్టి పైన గుడ్డ తొడుగుతారు. రెండు పలకలూ పక్కల్లో అడుగు నుంచి మూడో వంతు ఎత్తు దాకా, మహా అయితే సగం దాకా కలుస్తాయి. ఆపైన విడిపోయి రెండు కొమ్ములవుతాయి. కొమ్ముల నడుమ ఖాళీని మెత్తటి లైనింగు గుడ్డ మూస్తుంది. టోపీ తెరిస్తే ఆ గుడ్డ చాచుకుంటుంది, మూస్తే లోపలికి మడతపడుతుంది, మొత్తం చదునైపోతుంది. అడుగున తలచుట్టూ వచ్చే అడ్డపట్టీని లాటిన్‌లో సిర్కులుస్ అంటారు. దాని నడుమ నుంచి కొన దాకా పోయే నిలువు పట్టీ తితులుస్. వెనక వీపు మీదికి వేలాడే రెండు పొడుగు పట్టీలు ఇన్ఫులే, ఇంగ్లిష్ కేటలాగుల్లో లాపెట్లు.

వీటన్నిటిలోకీ పాతది అడ్డపట్టీయే, అసలు పేరు కూడా దానిదే. మిత్రా అనే గ్రీకు మాటకు మొదటి అర్థం కట్టుకునే పట్టీ. హోమర్ ‘ఇలియడ్’ నాలుగో సర్గలో గ్రీకు రాజు మెనెలాస్‌కు తగిలిన బాణం అతని నడికట్టునూ కవచాన్నీ దాటి, కడుపు మీద కట్టుకున్న లోహపు మిత్రానూ చీల్చి, చర్మాన్ని గీరి ఆగిపోతుంది. ప్రాణం కాపాడింది ఆ పట్టీయే. తర్వాత్తర్వాత మాట నడుము నుంచి తలకెక్కింది. ఆడవాళ్ళు జుట్టుకు కట్టుకునే పట్టీనీ, తూర్పు దేశాలవాళ్ళ తలపాగానూ మిత్రా అన్నారు. బాబిలోనియావాళ్ళు జుట్టు పొడుగ్గా పెంచి మిత్రాలతో కట్టుకుంటారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. రోమన్ల కంటికి అది మగవాడికి తగని ఆసియా వేషం. రోమన్ కవి వర్జిల్ కావ్యంలో ఇయార్బస్ అనే రాజు, ట్రాయ్ వీరుడు ఈనియాస్‌ను గడ్డం కిందుగా మిత్రా కట్టుకున్నవాడని ఎత్తిపొడుస్తాడు. అలా ఎత్తిపొడవడానికి వాడిన మాటే వెయ్యేళ్ళు గడిచాక బిషప్పుల గౌరవచిహ్నానికి పేరైంది.

ఈ రెంటికీ నడుమ వంతెన వేసింది బైబిలు అనువాదం. హీబ్రూ ధర్మశాస్త్రాన్ని గ్రీకులోకి తెచ్చినవాళ్ళు యూదుల ప్రధానయాజకుడి తలకట్టుకు మిత్రా అన్న మాటను కూడా వాడారు. మన తెలుగు బైబిల్లో నిర్గమకాండం 28వ అధ్యాయంలో అది పాగా. ఏ అర్థంలో చూసినా కిరీటం కన్నా పాగాయే మూలానికి దగ్గర. ఇక మన ‘మిత్ర’ శబ్దంతో చుట్టరికం సంగతంటారా, కట్టడం అనే అర్థమున్న ఒకే ధాతువు నుంచి రెండూ పుట్టాయని కొందరు భాషావేత్తలు ప్రతిపాదించారు. గ్రీకులోకి బయటి భాష నుంచి వచ్చిన అరువు మాట అని ఇంకొందరి వాదన. ధాతువు కలిసినా కలవకపోయినా, పర్షియా దేవుడు మిత్రుడి టోపీయే బిషప్పుల తలకెక్కిందని సోషల్ మీడియాలో తిరిగే కథకు మాత్రం ఆధారం లేదు.

టోపీగా మైటర్ చరిత్ర రోమ్‌లో మొదలవుతుంది. పోపులు ఊరేగింపుల్లో పెట్టుకునే తెల్లటి శంఖాకారపు టోపీ దీనికి పూర్వరూపం. లిఖితపూర్వకంగా మొదట కనిపించేది 1049లో. అప్పుడు పోప్ తొమ్మిదవ లియో, జర్మనీలోని ట్రియర్ ఆర్చిబిషప్ ఎబెర్‌హార్డ్‌కు రోమన్ మైటర్ ధరించే హక్కు ఇస్తూ శాసనం రాశాడు. అప్పటిది గుండ్రటి గుడ్డ టోపీ, అడుగున పట్టీ. ఆ పట్టీని తల వెనక ముడేసినప్పుడు వేలాడిన కొసలే నేటి లాపెట్లని చరిత్రకారులు చెబుతారు. 12వ శతాబ్దంలో టోపీ నడినెత్తిన ముందు నుంచి వెనక్కి పల్లం పడి, కుడి ఎడమల రెండు బుడిపెలు లేచాయి. ఆ శతాబ్దం గడిచేలోపే టోపీని పావు చుట్టు తిప్పి పెట్టుకోవడం మొదలైంది. పక్కల ఉన్న కొమ్ములు ముందు వెనకలకు వచ్చాయి. అప్పటి నుంచి ఎత్తు పెరుగుతూ పోయి 17, 18 శతాబ్దాల నాటికి దాదాపు 45 సెంటీమీటర్లకు చేరింది.

ఈ చరిత్ర కొనుగోలుకు ఎందుకంటే, కేటలాగులో రెండు ఆకారాలు కనిపిస్తాయి: ఒకటి ‘గోతిక్’, రెండోది ‘రోమన్’ లేదా ‘బరోక్’. గోతిక్ అంటే మధ్యయుగపు పొట్టి రకం, అంచులు తిన్నగా వాలి ముక్కోణంలా ఉంటుంది. బరోక్ పొడుగ్గా, పక్కలు ఉబ్బెత్తుగా ఉంటుంది. ఫొటోలో బరోక్ ఘనంగా కనిపిస్తుంది. కానీ ఎత్తు పెరిగేకొద్దీ బరువు పైకి పోతుంది, పట్టీ మీద లాగుడు పెరుగుతుంది. సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు చాలామందికి సరిపోతుంది. పొట్టి మనిషిని పొడుగు చేయడానికి పొడుగు మైటర్ కొనకండి. ముఖం చిన్నదైపోయి టోపీ ఒక్కటే కనిపిస్తుంది.

ఇప్పుడు రకాల వారీగా.

సాదా తెల్లది. దీన్ని సింప్లెక్స్ అంటారు. తెల్ల పట్టు డమాస్కో (నేతలోనే డిజైను వచ్చే గుడ్డ) నారబట్టో, బంగారం పని ఉండదు. పాత రోమన్ క్రమంలో దీని లాపెట్ల చివర ఎర్ర కుచ్చులు ఉండాలి. పవిత్ర శుక్రవారం, అంత్యక్రియల పూజల్లో దీన్నే వాడతారు. చాలామంది బిషప్పులు కలిసి పూజ చేసేటప్పుడు పూజ నడిపించే బిషప్ కాక మిగతావాళ్ళకు ఇదే మర్యాద. ఎక్కువగా అమ్ముడుపోయేదీ ఇదే, ఎక్కువగా నాసిరకం వచ్చేదీ ఇందులోనే. అలంకారం లేదు కాబట్టి లోపం దాచడానికి చోటుండదు. అయినా చౌక రకాల్లో పాలియెస్టర్ గుడ్డకు ఇస్త్రీ వేడికి అతుక్కునే ఫ్యూజింగ్ గుడ్డ అంటించి, దాన్ని పలచటి అట్టకు జిగురుతో అతికించి వదిలేస్తారు. కొత్తలో నున్నగా ఉంటుంది. ఆవిరి ఇస్త్రీ తగిలిన రోజున బుడగలు లేస్తాయి. అవి మళ్ళీ అణగవు, ఎందుకంటే జిగురు చోటు మారిపోయింది. కొన్నాళ్ళకు జిగురు పసుపెక్కి తెల్ల గుడ్డలోంచి మచ్చల్లా కనిపిస్తుంది. ఉతికితే పోయే మురికి కాదది.

కాబట్టి సాదా మైటర్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న: లోపల ఏముంది? నూలు బక్రం అయితే రెండు మూడు పొరలు వేసి కుట్టుంటే మంచిది, వంపు తిరిగి మళ్ళీ నిలబడుతుంది. దాని బలహీనత తేమ. బక్రానికి గట్టిదనం ఇచ్చేది గంజి లేదా జిగురు పూత. చెమట దిగితే నుదుటి దగ్గర మెత్తబడి, ఆరాక ఆ వంకర అలాగే బిగుసుకుపోతుంది. ఉక్కపోత ఎక్కువున్న చోట పలచటి ప్లాస్టిక్ షీటు నయం. తేమకు లొంగదు. అయితే వేడికి లొంగుతుంది. మూసిన కారులో ఎండలో వదిలేస్తే ఒంగిపోయి అలాగే ఉండిపోతుంది. అట్ట అయితే ఒక్క షరతు మీద పర్వాలేదు. అట్టకు నార దిశ ఉంటుంది, ఆ దిశ నిలువుగా, అడుగు నుంచి కొనవైపు ఉండాలి. అప్పుడే అట్ట తలచుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. అడ్డంగా పెట్టి కోసిన అట్ట తిరగదు, నుదుటి నడుమ నిలువు గీతలా విరుగుతుంది. తెల్ల గుడ్డ కింద ఆ విరుపు కెమెరాకు బాగా దొరుకుతుంది. షాపులో పరీక్ష సులభం. రెండు చేతులతో పక్కలు పట్టుకుని మెల్లగా దగ్గరికి నొక్కండి. ముందు పలక వంపు తిరిగితే దిశ సరైందే. కోణంగా మడతపడబోతే వదిలేయండి.

బంగారు పట్టీలది. పాత పుస్తకాల్లో దీని పేరు ఔరిఫ్రిజియాటా. ఔరుం అంటే బంగారం, ఫ్రిజియా చిన్న ఆసియాలో జరీ పనికి పేరుమోసిన ప్రాంతం. రోమన్లు మిత్రాను ఎగతాళి చేసింది ఆ దిక్కు చూసే, అలంకారం తెచ్చుకున్నదీ ఆ దిక్కు నుంచే. పాత రోమన్ క్రమంలో ఈ పేరు బంగారు వస్త్రంతో చేసినదానికీ, చిన్న ముత్యాలు, పట్టు దారపు పనితో ఉన్న తెల్ల పట్టుదానికీ చెల్లేది. నేటి కేటలాగుల్లో ఆ తరగతి కింద వచ్చేది ఎక్కువగా తెల్ల గుడ్డ మీద బంగారు అడ్డపట్టీ, నిలువు పట్టీ ఉన్న మైటర్. ఆదివారాలకూ పండుగలకూ అన్నిటికీ సరిపోతుంది.

దీన్ని మెచ్చుకోవడానికి కారణం మెరుపు కాదు, బలం. నేసిన జరీ పట్టీని తలచుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పున కుట్టినప్పుడు అది అంచుకు రెండో పొరగా పనిచేస్తుంది. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ వేళ్ళు పడేది అక్కడే, చెమట దిగేదీ అక్కడే. నిలువు పట్టీ కూడా పలకకు వెన్నుగా నిలుస్తుంది. ఇదంతా నేసిన పట్టీ అయితేనే. పలకమీదే కంప్యూటర్ ఎంబ్రాయిడరీతో పట్టీ బొమ్మ గీసినవి కూడా ఇదే పేరుతో అమ్ముతున్నారు. దట్టమైన కుట్టు గుడ్డను లోపలికి లాగుతుంది, చుట్టూ చిన్న ముడతలు తేలతాయి, అంచుకు బలం రాదు. పట్టీ అంచును గోటితో కొద్దిగా లేపి చూడండి. విడి పట్టీ అయితే కింద తెల్ల గుడ్డ కొనసాగుతూ కనిపిస్తుంది.

కుట్టు వేసిన తీరూ చూడాలి. మంచి పనిలో పట్టీ పై అంచు, కింది అంచు రెండూ కుట్టి ఉంటాయి, అతుకు వెనక లాపెట్ల మాటున పడుతుంది. హడావుడి పనిలో అతుకు చెవి దగ్గర తేలుతుంది, రెండు వైపులా డిజైను కలవదు. లోపలికి తిప్పి చూస్తే సంగతి ఇంకా తేటగా ఉంటుంది. తలకు ఆనే చోట 3 సెంటీమీటర్ల వెడల్పున నూలు గుడ్డ చుట్టూ తిరిగి, పొడుగు టాకాలతో తేలిగ్గా పట్టించి ఉండాలి. అది చెమట పట్టీ. టాకాలు ఊడదీసి, ఉతికి, మళ్ళీ పట్టించుకోవచ్చు. దాన్ని మిషను కుట్టుతో శాశ్వతంగా బిగించేస్తే మైటర్ ఆయుష్షు ఆ గుడ్డ ఆయుష్షే. అసలు లేకుండా శాటిన్ లైనింగు నేరుగా తలకు తగిలేలా ఉంటే అది జారుతుంది, మరక కూడా పడుతుంది.

జరీ సంగతి ఒక మాట. మామూలు రెడీమేడ్ పట్టీల్లో ఉండేది ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత వేసిన దారం. నల్లబడదు, తేలిగ్గా ఉంటుంది, ఇస్త్రీ తగిలితే ముడుచుకుపోతుంది. వెండి మీద బంగారు పూత వేసిన అసలు జరీ అయితే గాలిలోని గంధకానికి నల్లబడుతుంది, కాబట్టి రబ్బరు బ్యాండ్లు, రబ్బరు స్పాంజి దాని దరికి రాకూడదు. రోజువారీ వాడకానికి మొదటిదే మేలు. ఈ మాట సంప్రదాయప్రియులకు నచ్చకపోవచ్చు.

రాళ్ళది. ప్రెసియోసా, అంటే విలువైనది. మహోత్సవాలకు. ఇందులో రెడీమేడ్ వద్దనడానికి కారణం ఒక్కటే, జిగురు. వేడి జిగురు తుపాకీతో అంటించిన గాజు రాళ్ళు వేసవిలో ఒక్కొక్కటే రాలతాయి. రాయి రాలిన చోట మిగిలే మచ్చ గీకితే గుడ్డ పోతుంది. ఐర్లండ్‌లో 1418లో లిమరిక్ బిషప్ కార్నీలియస్ ఓడే కోసం చేసిన మైటర్ ఇప్పటికీ లిమరిక్ హంట్ మ్యూజియంలో ఉంది. బంగారు పూత వేసిన వెండి రేకులు, ముత్యాలు, రంగు రాళ్ళు. ఆరు వందల ఏళ్ళు నిలిచిందంటే రాళ్ళు లోహపు గూళ్ళలో కూర్చున్నాయి కాబట్టి. కుట్టించుకునేటప్పుడు కూడా ఇదే అడగండి. ప్రతి రాయికీ లోహపు గూడు, గూటికి కుట్టడానికి కన్నాలు ఉండాలి. రాళ్ళను కొమ్ము కొనల్లో కాక పట్టీ మీద, నిలువు పట్టీ కింది సగంలో పెట్టించుకుంటే బరువు తలకు దగ్గరగా ఉంటుంది. అయినా వైభవానికి రాళ్ళే కావాలని లేదు. బెల్జియంలోని నమూర్‌లో భద్రపరచిన, జాక్ ద విత్రీ అనే బిషప్ మైటర్ 13వ శతాబ్దపు తోలుకాగితం మీద బొమ్మలు వేసి చేసింది. 16వ శతాబ్దంలో మెక్సికో పనివాళ్ళు పక్షి ఈకలతో చేసిన మైటర్లు యూరప్ భాండారాల్లో నేటికీ ఉన్నాయి.

కొలతకు వద్దాం. ఇక్కడ పోయే డబ్బే ఎక్కువ. టేపు నుదుటి నడుమ, కనుబొమలకు రెండు వేళ్ళ పైన పెట్టి, చెవుల మీదుగా, వెనక తల ఉబ్బెత్తు మీదుగా తిప్పాలి. వచ్చినదానికి 2 సెంటీమీటర్లు కలపండి. 58 వస్తే లోపలి చుట్టుకొలత 60 ఉన్న మైటర్ కావాలి, అంటే ఒక్కో పలక అడుగు వెడల్పు 30. కేటలాగులో చాలాసార్లు బయటి కొలత ఇస్తారు. బక్రం, లైనింగు, చెమట పట్టీ కలిపి ఒకటిన్నర సెంటీమీటరు దాకా మింగేస్తాయి. కాబట్టి లోపలి కొలతా బయటిదా అని అడిగి రాయించుకోండి.

చుట్టుకొలత సరిపోయినా కొన్ని మైటర్లు కూర్చోవు. తల పైనుంచి చూస్తే కోడిగుడ్డు ఆకారం. మైటర్ తెరిస్తే నోరు కంటి ఆకారంలో, పక్కల్లో కోసుగా తెరుచుకుంటుంది. పలక అడుగు భాగం మరీ బిరుసైతే నుదుటిని నొక్కుతుంది, చెవుల పైన సందు మిగులుతుంది. పావుగంటకు నుదుటి మీద ఎర్ర గీత పడుతుంది. మంచి కుట్టుపనివాళ్ళు పక్క కుట్టుకు రెండు వైపులా రెండు సెంటీమీటర్ల మేర బక్రం పెట్టకుండా వదులుతారు. అక్కడ గుడ్డ మాత్రమే ఉండి తలకు తగ్గట్టు ఒదుగుతుంది. పక్క కుట్టు దగ్గర వేలితో నొక్కితే మెత్తగా తగలాలి. కొద్దిగా వదులైన మైటర్‌ను వెనక భాగంలో చెమట పట్టీ కింద ఫెల్టు ముక్క పెట్టి సరిచేయొచ్చు. నుదుటి వైపు పెడితే టోపీ వెనక్కి వాలుతుంది. బిగుతైనదాన్ని సరిచేసే దారి లేదు, వెనక్కి పంపడమే.

రెండో చిక్కు లోపలి మడత గుడ్డ లోతు. మైటర్ కింద బిషప్పులు చిన్న గుండ్రటి టోపీ పెట్టుకుంటారు, జుకెట్టో అంటారు. బిషప్పులకు ఊదా, కార్డినల్స్‌కు ఎరుపు, పోపుకు తెలుపు. మడత గుడ్డ లోతు చాలకపోతే మైటర్ నడినెత్తి మీద ఆని, పట్టీ తలమీదికి పూర్తిగా దిగదు. మైటర్ తీసినప్పుడల్లా జుకెట్టో దానితో పాటే లేచి వస్తుంది. చూసేవాళ్ళకు నవ్వొస్తుంది, సహాయకులకు కంగారు. కొనేటప్పుడు జుకెట్టోతో కలిపే పెట్టి చూడాలి.

లాపెట్లు ఐదారు సెంటీమీటర్ల వెడల్పు, 30 నుంచి 35 సెంటీమీటర్ల పొడవు ఉంటే చాలు. లోహపు కుచ్చులతో బరువెక్కితే మైటర్‌ను వెనక్కి లాగుతాయి. వాటిని పట్టీ లోపలి వైపు నుంచి అడ్డంగా రెండు వరసల కుట్టుతో పట్టించి ఉండాలి. ఒక్క వరస అయితే, ఎత్తు వీపున్న ఆసనంలో కూర్చుని లేచినప్పుడు నలిగి, కొన్నాళ్ళకు మూల ఊడుతుంది.

ఎంత వాడకం తట్టుకోవాలో కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1984 నాటి బిషప్పుల ఆరాధన క్రమం ప్రకారం ప్రవేశ ఊరేగింపులో పెట్టుకుంటారు, పీఠం దగ్గర తీస్తారు. పఠనాలకు కూర్చున్నప్పుడు పెడతారు, సువిశేషానికి తీస్తారు. ప్రసంగానికి మళ్ళీ, కానుకలు అందుకునేటప్పుడు మళ్ళీ, చివరి ఆశీర్వాదానికి మళ్ళీ. ప్రార్థనలు చెప్పేటప్పుడు, దివ్యబలి ప్రార్థనలో, దివ్యసత్ప్రసాదం ముందు తలమీద ఉండకూడదు. అంటే ఒక్క పూజలోనే ఐదు సార్లు ఎక్కి దిగుతుంది. అదే పుస్తకం ఒక కార్యక్రమంలో ఒక్క మైటరే వాడమంటుంది, కాబట్టి మధ్యలో మార్చుకునే వీలు లేదు. మైటర్ పట్టుకునే సహాయకులు భుజాల మీదుగా వింపా అనే పొడుగు గుడ్డ వేసుకుని దాని కొసలతో పట్టుకునేది చేతి చెమట తగలకుండానే. మైటర్‌తో పాటు వింపా కూడా కొనండి.

అన్నిటికన్నా కఠిన పరీక్ష భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) రోజున. మైటర్ పెట్టుకునే, ఒక్కొక్కరి వైపు తల వంచి, నుదుట క్రిస్మా అనే పవిత్ర తైలం రాయాలి. టోపీ ముందుకు జారుతుంది, బొటనవేలికి నూనె ఉంటుంది, ఆ చేత్తోనే సర్దుకుంటారు. తెల్ల పట్టీ మీద నూనె వేలిముద్ర పడితే ఇక పోదు. షాపులోనే పెట్టుకుని తల బాగా వంచి, పక్కలకు తిప్పి చూడమనేది ఇందుకే. బంగారు పట్టీల రకం ఇక్కడా గెలుస్తుంది, జరీ మీద మరక అంత కనిపించదు. తైలం అంటిన చేతిని నిమ్మచెక్కతోనో రొట్టెముక్కతోనో శుభ్రం చేసుకునేదాకా మైటర్ సర్దే పని సహాయకులదే కావాలి.

రంగుల మైటర్లు కూడా దొరుకుతాయి. తపస్కాలానికి ఊదా, పెంతెకోస్తుకు ఎరుపు అని సెట్టుగా అమ్ముతారు. కొన్ని ఆంగ్లికన్, లూథరన్ సంఘాల్లో వాటికి వాడుక ఉంది. రోమన్ సంప్రదాయంలో మైటర్ తెలుపూ బంగారమే, వస్త్రాల రంగుతో మారదు. కతోలిక బిషప్ గారికి కానుకగా రంగుది ఇస్తే అది బీరువాలోనే ఉండిపోతుంది. తూర్పు ఆర్థొడాక్స్ సంఘాల మైటర్ వేరే వస్తువు. గుండ్రంగా, ఉబ్బెత్తుగా, రాజకిరీటంలా ఉంటుంది, మడతపడదు. కేటలాగులో బొమ్మ చూడకుండా పేరు చూసి ఆర్డరిస్తే అదొచ్చే ప్రమాదం ఉంది.

ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇంకోటి: ఇది చేప నోరట కదా, బైబిల్లో ఫిలిష్తీయులు కొలిచిన దాగోను దేవుడి టోపీ అట కదా? 19వ శతాబ్దపు ఒక ప్రచార రచన వల్ల వ్యాపించిన మాట అది. పక్క నుంచి చూస్తే నేటి మైటర్ తెరిచిన చేప నోటిలా కనిపించే మాట నిజం. అయితే ఆ పోలిక కుదిరేది కొమ్ములు ముందు వెనకలకు తిరిగిన తర్వాతే, అంటే 12వ శతాబ్దం తర్వాతే. దానికి ముందున్నది గుండ్రటి టోపీ, అందులో నోరూ లేదు చేపా లేదు. సంఘం తరఫున చెప్పే అర్థం వేరు. మైటర్ పెట్టేటప్పుడు చదివే పాత లాటిన్ ప్రార్థనలో అది రక్షణ శిరస్త్రాణం, రెండు కొమ్ములు పాత నిబంధన, కొత్త నిబంధన. అది ఆకారం వచ్చాక చెప్పుకున్న అర్థం. అందులో దోషమేమీ లేదు.

మైటర్ రంపానికీ, గుండె వాల్వుకూ ఆ పేర్లు రావడం కూడా ఈ ఆకారం చలవే. రెండు చెక్కలను 45 డిగ్రీల వాలుగా కోసి మూల కలిపితే వచ్చే అతుకును మైటర్ జాయింట్ అన్నది రెండు వాలు అంచులు కొన దగ్గర కలిసే తీరు చూసే అయుంటుంది. 16వ శతాబ్దంలో శరీర నిర్మాణం పరిశీలించిన వెసాలియస్, గుండె ఎడమ వైపు ద్విపత్ర కవాటాన్ని బిషప్ మైటర్‌తో పోల్చాడు. డాక్టర్లు మిట్రల్ వాల్వ్ అనేది అందుకే. రెండు రెక్కలు, నడుమ చీలిక. మైటర్‌ను తలకిందులుగా తెరిచి పట్టుకుంటే పోలిక తెలుస్తుంది.

ఇంటికి తెచ్చాక చేయాల్సినవి కొన్ని. చదునుగా మడిచి పెట్టడం ప్రయాణానికే. నెలల తరబడి మూసి, పైన బరువు పెడితే పక్క మడతల దగ్గర బక్రం విరుగుతుంది, లైనింగు చీలుతుంది. తెరిచి, లోపల ఆమ్లం లేని తెల్ల టిష్యూ కాగితం ఉండలు పెట్టి, నిలువుగా పెట్టెలో ఉంచాలి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది. లాపెట్లను పట్టీ కిందికి మడవకుండా వెనకగా చాచి, మధ్యలో టిష్యూ పెట్టాలి. కలరా ఉండలు పెట్టెలో ఉంటే గుడ్డకు గానీ జరీకి గానీ తగలకుండా చూడాలి. వాడిన రోజున చెమట ఆరేదాకా పెట్టె మూయకూడదు. డ్రైక్లీనింగుకు ఇచ్చేముందు లోపల అట్ట ఉందా ప్లాస్టిక్ ఉందా చెప్పాలి, అతికించిన రాళ్ళుంటే అసలు ఇవ్వకూడదు. చెమట పట్టీ మాత్రం నెలకోసారి విప్పి ఉతికితే మిగతా మైటర్‌కు క్లీనింగు అవసరం చాలా అరుదుగా వస్తుంది.

ఆర్డరు కాగితం మీద ఇవి రాయించుకోండి: లోపలి చుట్టుకొలత, ఎత్తు, లోపలి అట్ట లేదా బక్రం రకం, నేసిన పట్టీయా ఎంబ్రాయిడరీయా, విప్పదగ్గ చెమట పట్టీ ఉందా, లాపెట్ల పొడవు, సైజు కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా. చివరిదానికి ఒప్పుకోని చోట ఎంత అందమైన మైటర్ ఉన్నా, మేత్రాణుల తల కొలత చేతిలో లేకుండా కొనకండి. కానుక రహస్యంగా ఉండాలనుకుంటే ఆయన జుకెట్టో సైజుతో సరిపెట్టుకోవద్దు. అది నడినెత్తి మీద కూర్చునేది, తలచుట్టు కొలత చెప్పదు. బిషప్ నివాసంలో పూజావస్త్రాలు చూసుకునేవారిని అడిగి, పాత మైటర్ లోపలి వైపు టేపుతో కొలిపించండి.